రెండు రచనల్ని పక్కపక్కన పెట్టి చదవడం ఎలా? పోలికలు, తేడాలు పట్టుకోవడానికి ఒక సమగ్ర మార్గదర్శి

డిగ్రీలో తెలుగు తీసుకున్నవాళ్లకు, ఎంఏ తెలుగు చదివేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది: "ఈ రెండు రచనలను తులనాత్మకంగా పరిశీలించండి." నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల పిల్లలు రాసిన ఇలాంటి వ్యాసాలు నేను చాలా చదివాను. ఎక్కువ భాగం ఒకే దారిలో నడుస్తాయి. మొదటి రచయిత జీవితం, ఆ కథ సారాంశం, రెండో రచయిత జీవితం, ఆ కథ సారాంశం, చివర ఐదు పోలికలు, ఐదు తేడాలు. కష్టపడి రాసినవే. తప్పులు కూడా పెద్దగా ఉండవు. అయినా చదివాక, ఆ రెండింటినీ విడివిడిగా చదివితే తెలిసేదానికంటే ఒక్క ముక్క ఎక్కువ తెలియదు.

రెండు రచనల్ని కలిపి చదివినందువల్ల మాత్రమే కనబడే విషయం ఒకటి ఉంటుంది. ఒక్కోటీ విడిగా చదివినప్పుడు అది కంటికి ఆనదు. తులనాత్మక పరిశీలన అంటే దాన్ని వెతికి పట్టుకోవడం. పోలికలు ఎన్ని, తేడాలు ఎన్ని అనే లెక్క కాసేపు పక్కన పెట్టండి. మిగతా తేడాలన్నిటికీ కారణం చెప్పగల తేడా ఒకటి దొరికితే చాలు, వ్యాసం నిలబడుతుంది.

ఈ పనికి మన ప్రాంతం చాలా అనువైనది. నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన, అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న ఎర్రన, ఇద్దరూ మరొకరు మొదలుపెట్టిన భారతాన్ని అందుకుని రాసినవాళ్లే. ఎర్రన అయితే ఏకంగా నన్నయ పద్యం పక్కన తన పద్యం పెట్టాడు. ఆ రెంటినీ కలిపి చదవకపోతే ఎర్రన చేసిన పని సగమే అర్థమవుతుంది.

మొదటి అడుగు: జతను జాగ్రత్తగా ఎంచుకోండి

రెండు రచనల మధ్య ఉమ్మడి నేల ఒకటి ఉండాలి. ఒకే కథ కావచ్చు, ఒకే సమస్య కావచ్చు, ఒకే ప్రక్రియ కావచ్చు, ఒకే మూలం కావచ్చు. ఆ ఉమ్మడి నేల ఎంత ఇరుకుగా ఉంటే పని అంత బాగా సాగుతుంది. "రెండూ స్త్రీల గురించిన కథలు" అంటే ఆ నేల మరీ విశాలం, అందులో ఏమైనా రాయొచ్చు. "రెండు కథల్లోనూ దారితప్పిన భర్తను భార్య సరిదిద్దుతుంది" అంటే ఇప్పుడు కాలు మోపడానికి చోటు దొరికింది.

రెండో నియమం, పరిధి చిన్నదిగా పెట్టుకోవడం. ప్రాజెక్ట్ అనగానే "తిక్కన భారతం, పోతన భాగవతం: తులనాత్మక పరిశీలన" అని పేరు పెట్టేస్తారు. అది ఒక జీవితానికి సరిపడే పని. ఒక ఘట్టం, ఒక కథ, ఒక్కోసారి ఒక్క పద్యం చాలు. చిన్నది తీసుకుంటే లోతుకు దిగే టైమ్ ఉంటుంది.

రెండో అడుగు: ఏ పాఠం చదువుతున్నారో చూసుకోండి

ఇది చాలామంది పట్టించుకోని అడుగు. పాఠం అంటే ఇక్కడ, రచన ఒక ప్రతిలో ఉన్న రూపం. గురజాడ 'దిద్దుబాటు' 1910లో ఆంధ్రభారతి పత్రికలో అచ్చయింది. అప్పటి పాఠానికి, తర్వాత సంకలనాల్లో ఎక్కువగా కనిపించే పాఠానికి భాషలో తేడాలున్నాయి. మీ వ్యాసమంతా కథలోని భాష మీదే నడుస్తుంటే, ఏ పాఠం ముందు పెట్టుకున్నారన్నది చిన్న సంగతి కాదు. ప్రాచీన కావ్యాలకు పాఠభేదాల ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఎడిషన్ పేరు, ప్రచురణ సంవత్సరం నోట్‌బుక్ మొదటి పేజీలోనే రాసుకోండి. భారతానికి తిరుమల తిరుపతి దేవస్థానం వేసిన సవ్యాఖ్యాన ప్రతులు ఉన్నాయి. ప్రతిపదార్థం, తాత్పర్యం ఉంటాయి కాబట్టి ఛందస్సు అలవాటు లేనివాళ్లు కూడా భయపడకుండా చదవొచ్చు. గైడ్‌లో ఉన్న సారాంశం చదివి మాత్రం పోలిక రాయొద్దు. సారాంశాల్లో కథ మిగులుతుంది, రచన మిగలదు. మీకు కావలసింది రచనే.

మూడో అడుగు: ముందు విడివిడిగా చదవండి

మొదటిసారి చదివేటప్పుడు రెండోదాన్ని గుర్తు తెచ్చుకోకండి. ఒక్కోదాన్ని దాని కోసమే చదవండి. పద్యమైతే పైకి చదవండి, కథ అయితే ఒకే బైఠక్‌లో పూర్తి చేయండి. చదవడం అయ్యాక పుస్తకం మూసి, మీకు బాగా గుర్తున్న చోటు ఏదో, ఎక్కడ ఇబ్బంది పడ్డారో, ఎవరి పక్షాన నిలబడ్డారో నాలుగు వాక్యాలు రాసుకోండి. ఈ నాలుగు వాక్యాలు తర్వాత చాలా పనికొస్తాయి. పోలికల వేటలో పడ్డాక ఆ మొదటి అనుభూతి చెరిగిపోతుంది.

రెండోసారి చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకోండి. ఇప్పుడు నోట్‌బుక్‌లో ఎదురెదురు పేజీలు వాడండి, ఎడమ పేజీ ఒక రచనకు, కుడి పేజీ ఇంకో రచనకు. కథ ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, ఎవరి కళ్లతో చూస్తున్నాం, ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు మౌనంగా ఉన్నారు, కాలం ఎంత గడిచింది, ఏ విషయం పాఠకుడికి చెప్పకుండా దాచారు. ఈ ప్రశ్నలకు రెండు పేజీల్లోనూ ఎదురెదురుగా జవాబులు రాయండి. ప్రతి జవాబు పక్కనా పేజీ నంబరో పద్యం నంబరో వేయండి. ఈ రెండు పేజీలూ మీ కోసం మాత్రమే. పరీక్ష పేపర్లోకి, వ్యాసంలోకి పట్టికలా ఎక్కకూడదు.

నాలుగో అడుగు: మాట మాటా పట్టి చూడండి

అసలైన పని ఇక్కడే ఉంది. కాబట్టి ఉదాహరణను కాస్త తీరిగ్గా చూద్దాం.

నన్నయ అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో శరత్కాలపు రాత్రుల్ని వర్ణిస్తూ ఆగిపోయాడు. ఆయన భారతంలో చివరి పద్యం ఇది:

శారదరాత్రు లుజ్జ్వల లసత్తర తారక హార పంక్తులం
జారుతరంబు లయ్యె వికసన్నవ కైరవ గంధ బంధురో
దార సమీర సౌరభము దాల్చి సుధాంశు వికీర్యమాణ క
ర్పూర పరాగ పాండురుచి పూరము లంబర పూరితంబులై

రెండున్నర శతాబ్దాలకు పైగా గడిచాక ఎర్రన అదే చోట అందుకుని ఇలా మొదలుపెట్టాడు:

స్ఫురదరుణాంశు రాగరుచి బొంపిరివోయి నిరస్త నీరదా
వరణములై దళత్కమల వైభవ జృంభణ ముల్లసిల్ల ను
ద్ధురతర హంస సారస మధువ్రత నిస్వనముల్ సెలంగఁగాఁ
గరము వెలింగె వాసరముఖంబులు శారదవేళఁ జూడఁగన్

ముందు పోలికలు. రెండూ శరత్తు గురించినవే. రెండింటిలోనూ పొడుగాటి సంస్కృత సమాసాలున్నాయి. రెండింటిలోనూ వర్ణించేది ఒక్క రాత్రినో ఒక్క ఉదయాన్నో కాదు, ఆ ఋతువులోని రాత్రులన్నిటినీ, ఉదయాలన్నిటినీ. ఇంతవరకూ తాత్పర్యం చదివినా దొరుకుతుంది. ఇప్పుడు ప్రతి పాదంలో రెండో అక్షరం చూడండి. నన్నయలో శారద, జారు, దార, ర్పూర. ఎర్రనలో స్ఫుర, వర, ద్ధుర, గర. రెండు పద్యాలకూ ప్రాసాక్షరం రేఫే, అంటే 'ర' అక్షరమే. నన్నయది ఉత్పలమాల, ఎర్రనది చంపకమాల. నడకలో ఆ రెండు వృత్తాలూ దగ్గరి చుట్టాలని ఛందస్సు తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు. ఎర్రన కావాలని ఆ అక్షరం పట్టుకున్నాడని నేను నిరూపించలేను. కానీ నన్నయ గొంతు ఆగిన శ్రుతిలోనే ఈయన గొంతు ఎత్తాడని వింటే తెలుస్తుంది. రెండు పద్యాలూ వరసగా పైకి చదవమని అందుకే అంటున్నాను.

ఇప్పుడు తేడాలు. నన్నయ పద్యంలో రంగు ఒక్కటే, తెలుపు. నక్షత్రాలు, కలువలు, వెన్నెల, కర్పూరం, అన్నీ తెల్లనివే. ఎర్రన పద్యం అరుణకాంతితో, ఎరుపుతో మొదలవుతుంది. నన్నయలో వాసన ఉంది: కలువల మీదుగా వచ్చే గాలి, కర్పూరం. కానీ చప్పుడు లేదు. ఎర్రనలో హంసలు, సారసపక్షులు, తుమ్మెదలు గోల చేస్తున్నాయి. నన్నయలో రాత్రి విచ్చే కలువ, ఎర్రనలో పగలు విచ్చే తామర. ఇలా ఒక్కొక్కటీ జత కుదురుతుంటే, ఎర్రన ముందున్న పద్యాన్ని ఎంత శ్రద్ధగా చదివి తన పద్యం కట్టాడో అర్థమవుతుంది.

ఇంకొకటి చూడండి. నన్నయ పద్యంలో "చారుతరంబులయ్యె" అనే క్రియ రెండో పాదంలోనే వచ్చేసింది. ఆ తర్వాత వర్ణన సాగిపోతూ "పూరితంబులై" అన్నచోట ఆగింది. 'ఐ' అన్న అసమాపక క్రియతో, ఇంకా ఏదో రావలసి ఉన్నట్టు ఆగింది. ఎర్రన పద్యంలో "వెలింగె" అనే సమాపక క్రియ నాలుగో పాదం దాకా రాదు. మూడు పాదాలు ఎదురుచూశాక వెలుగు వస్తుంది. ఆగిపోయిన చోట రాత్రి, అందుకున్న చోట తెల్లవారడం.

ఈ తేడాలన్నీ విడివిడిగా రాస్తే ఐదు పాయింట్లు అవుతాయి. వాటి వెనకున్న ఒక్క విషయం పట్టుకుంటే ఇలా వస్తుంది: ఎర్రన నన్నయను అనుకరించలేదు, నన్నయకు జవాబిచ్చాడు. శరత్తు నుంచి, ప్రాసాక్షరం నుంచి, సమాసాల గాంభీర్యం నుంచి పక్కకు పోకుండా, ఆ హద్దుల్లోనే రంగును, ఇంద్రియాన్ని, పూవును, పొద్దును మార్చేశాడు. పైగా ఈ భాగాన్ని ఆయన తన రాజుకు అంకితం ఇవ్వలేదు, నన్నయ ఆశ్రయించిన రాజరాజనరేంద్రుడి పేరు మీదే పూర్తి చేశాడు. పద్యంలో కనిపించిన వినయం, కృతిభర్త (అంకితం అందుకున్నవాడు) విషయంలో కనిపించిన వినయం ఒకటే. ఇలా పద్యం లోపలి సంగతికి బయటి సంగతి సాక్ష్యం పలికితే వ్యాసానికి బలం వస్తుంది. ముందు బయటి సంగతి చెప్పి, పద్యంలో అది ఉందని రుద్దితే ఆ బలం రాదు.

ఐదో అడుగు: మూడో రచన ఉందేమో వెతకండి

మన ప్రాచీన సాహిత్యంలో చాలా రచనలకు సంస్కృత మూలం ఉంటుంది. ఇద్దరు తెలుగు కవుల్లో ఒకే సంగతి కనబడితే వెంటనే "రెండోవాడు మొదటివాడిని అనుసరించాడు" అని రాయకండి. ఇద్దరూ మూలాన్నే అనుసరించి ఉండొచ్చు. మూలంలో లేనిది ఇద్దరిలోనూ కనబడితేనే ఆ మాట అనాలి.

నరకాసుర వధ దీనికి మంచి ఉదాహరణ. సంస్కృత భాగవతంలో కృష్ణుడు భార్యతో కలిసి వెళతాడు, యుద్ధం చేసేది మాత్రం ఆయనే. అద్దంకిలో రాసిన ఎర్రన హరివంశంలోనూ నరకుడితో పోరాడేది కృష్ణుడే. నాచన సోమన ఉత్తర హరివంశంలోకి వచ్చేసరికి సత్యభామ విల్లు పడుతుంది. పోతన భాగవతంలోనూ పడుతుంది. అంటే పోతన ఈ ఒక్క చోట తన సంస్కృత మూలాన్ని వదిలి సోమన వైపు వచ్చాడు. సోమన పద్యం "అరిఁ జూచున్ హరిఁ జూచు" అని మొదలైతే, పోతన పద్యం "పరుఁ జూచున్ వరుఁ జూచు" అని మొదలవుతుంది. ఒకటి "కేళీగతిన్" అని ముగిస్తే, ఇంకొకటి "హేలాగతిన్" అని ముగుస్తుంది. రెండూ మత్తేభాలే. ఇక్కడ అనుసరణ ఉందని ధైర్యంగా చెప్పొచ్చు.

అక్కడితో ఆగిపోకండి. తీసుకున్నాక ఏం చేశాడన్నది చూడాలి. సోమన సత్యభామ శరీరాన్ని చూపించాడు. మందారమాల నుంచి తేనె బొట్లు జారుతున్నాయి, పయ్యెద కొంగు కొంచెం తొలగింది, ఒకవైపు బాణాల వాన, ఒకవైపు చిరునవ్వు. పోతన ఆ దృశ్యాన్ని జంటలుగా పేర్చాడు: శత్రువు, ప్రియుడు. నొప్పించడం, అలరించడం. రోషం, రాగం. ముడిపడ్డ కనుబొమ్మ, మందహాసం. వీరం, శృంగారం. కెంపు, సొంపు. మొదటిది యుద్ధానికి, రెండోది ప్రేమకు, పద్యం చివరిదాకా అదే క్రమం. సోమన పద్యంలో చూపు, పోతన పద్యంలో కూర్పు. మీకు ఏది నచ్చిందో చెప్పే హక్కు మీకుంది. నాకు సోమనదే ఎక్కువ ఇష్టం. ఆ కొంగు తొలగడంలో యుద్ధపు తొందర ఉంది.

ఆరో అడుగు: "ఎందుకు" అని అడగండి

ఇప్పుడు ఆధునిక కథలకు వద్దాం. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లో హిందూసుందరి పత్రికలో వచ్చింది. గురజాడ 'దిద్దుబాటు' ఎనిమిదేళ్ల తర్వాతది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టగానే అందరూ పరిగెత్తేది ఒక్క ప్రశ్న వైపే: తెలుగులో మొదటి కథ ఏది? అది సాహిత్య చరిత్రకు అవసరమైన ప్రశ్నే. కానీ పోలికను పందెంగా మార్చేస్తుంది. ఒకటి గెలవాలి, ఒకటి ఓడాలి అన్న పట్టుదలలో కథలు చదవడమే మర్చిపోతాం. దాన్ని పక్కన పెట్టి కథల్లోకి వెళ్దాం.

'ధనత్రయోదశి'లో ఇల్లు పేదది. పండగ వచ్చింది, చేతిలో డబ్బు లేదు. భర్త యజమాని సొమ్ము తెచ్చాడు. భార్య ఆ సొమ్ము వద్దంది, అది తప్పని అతనికి నచ్చజెప్పింది. 'దిద్దుబాటు'లో ఇల్లు కలిగినది. భర్త గోపాలరావు సాని పాట విని రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరాడు. భార్య కమలిని కనిపించలేదు. పుట్టింటికి వెళుతున్నానని ఉత్తరం ఉంది. చివరికి ఆమె మంచం కిందే ఉందని తెలుస్తుంది.

పైపైన చూస్తే తేడాలు వరసగా దొరుకుతాయి. ఒకటి దొంగతనం, ఒకటి వ్యసనం. ఒకటి బీదరికం, ఒకటి కలిమి. ఒకటి గంభీరం, ఒకటి సరదా. ఇవన్నీ నిజమే. ప్రతిదాని పక్కనా "అయితే ఏంటి?" అని రాసుకోండి. జవాబు దొరకని తేడాను కొట్టేయండి.

నాకు జవాబు దొరికిన చోటు ఇది. అచ్చమాంబ కథలో భార్య మొదటి నుంచీ మన ఎదుటే ఉంటుంది. మాట్లాడుతుంది, అడుగుతుంది, వాదిస్తుంది. గురజాడ కథలో భార్య దాదాపు కథంతా కనిపించదు. మనం గోపాలరావు వెంటే ఉంటాం, అతను మోసపోతే మనమూ మోసపోతాం. ఆమె మాట మనకు వినిపించేది ఉత్తరంలో. అంటే ఒక కథలో భార్య బలం ఆమె నోటి మాటలో ఉంది, ఇంకో కథలో ఆమె చేతిరాతలో ఉంది. భార్యకు చదువు నేర్పిన సంస్కర్త భర్త, ఆ చదువుతోనే దొరికిపోయాడు. అందుకే గోపాలరావు నౌకరు రాముడి దగ్గర ఆడవాళ్ల చదువు గురించి మాట్లాడే చోటు నవ్వు తెప్పిస్తుంది.

ఇప్పుడు మిగతా తేడాలు వాటంతట అవే సర్దుకుంటాయి. అచ్చమాంబ కథ ఎందుకు గంభీరంగా ఉంది? భార్య తన ధర్మాన్ని తానే పలుకుతోంది కాబట్టి. గురజాడ కథ ఎందుకు సరదాగా ఉంది? భార్య దాక్కుంది, భర్త తనని తానే బయటపెట్టుకుంటున్నాడు కాబట్టి. ఒక కథ స్త్రీల కోసం నడిచిన పత్రికలో వచ్చింది, నువ్వు ఇలా నిలబడగలవు అని చదివే ఆడవాళ్లకు చెబుతోంది. ఇంకొక కథ చదివేది ఎక్కువగా గోపాలరావులాంటి వాళ్లే, వాళ్లను వాళ్ల ఇంట్లోనే నిలబెట్టి చూపిస్తోంది.

ఒక హెచ్చరిక. "ఆమె స్త్రీ కాబట్టి ఇలా రాసింది, ఆయన పురుషుడు కాబట్టి అలా రాశాడు" అన్న వాక్యం చాలా సులభంగా వస్తుంది. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ దాంతో మొదలుపెడితే కథ చదవాల్సిన అవసరమే పోతుంది. కులం, ప్రాంతం, మతం పేరు మీద చేసే వివరణలకూ ఇదే వర్తిస్తుంది. ముందు కథలోని వాక్యం, తర్వాత జీవితం.

ఏడో అడుగు: ఒక్క వాక్యంలో చెప్పండి

ఇంత చదివాక మీ వాదాన్ని ఒక్క వాక్యంలో రాయండి. అందులో పోలిక, తేడా రెండూ ఉండాలి. "రెండు కథల్లో పోలికలూ ఉన్నాయి, తేడాలూ ఉన్నాయి" అన్నది వాదం కాదు. ఏ రెండు కథల గురించైనా ఆ మాట అనొచ్చు. ఇలా రాయండి: "రెండు కథల్లోనూ భర్తను దిద్దేది భార్యే అయినా, అచ్చమాంబ ఆ పనిని ఎదురుగా నిలబడి చెప్పే మాటతో చేయిస్తే, గురజాడ ఆమెను కనిపించకుండా చేసి, ఆమె రాసిన ఉత్తరంతో చేయించాడు." ఈ వాక్యంతో ఎవరైనా విభేదించొచ్చు. విభేదించడానికి వీలుండటమే అది వాదం అనడానికి గుర్తు.

ఈ వాక్యం రాయలేకపోతే మూడో అడుగుకు వెనక్కి వెళ్లండి. రాయడం మొదలుపెడితే అదే వస్తుందిలే అనుకోవద్దు.

ఎనిమిదో అడుగు: వ్యాసాన్ని పేర్చండి

పేర్చడానికి రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటి రచన గురించి అంతా చెప్పి, తర్వాత రెండో రచన గురించి అంతా చెప్పడం ఒకటి. ఒక్కో అంశం తీసుకుని, ఆ అంశంలో రెండు రచనల్నీ వెంటవెంటనే చూడటం ఇంకొకటి. నేను రెండోదానికే ఓటు వేస్తాను. మొదటి పద్ధతిలో పోలిక వచ్చేసరికి చదివేవాళ్లు మొదటి సగం మర్చిపోతారు. రచనలు మరీ చిన్నవై, రెండు పద్యాలో రెండు గేయాలో అయితే మాత్రం మొదటి పద్ధతి పనికొస్తుంది. పద్యాన్ని ముక్కలు చేయకుండా మొత్తంగా చూపించవచ్చు.

అంశాల వరసలో అందరికీ తెలిసిన పోలికను ముందు పెట్టండి, లోతైన తేడాను చివరికి ఉంచండి. పై రెండు కథలకైతే: భర్త తప్పు ఏమిటి, ఆ తప్పు ఎవరికి ముందు తెలిసింది, భార్య ఏ సాధనంతో దాన్ని ఎదుర్కొంది, పాఠకుడు ఎవరి పక్కన నిలబడ్డాడు. నాలుగు అంశాలు చాలు. కథా సారాంశం రెండు కథలకూ కలిపి ఆరేడు వాక్యాలు దాటకూడదు.

ఒక పేరా ఎలా ఉండాలో చూపిస్తాను:

"రెండు కథల్లోనూ పాఠకుడికి సంగతి ఎప్పుడు తెలుస్తుందన్నది కీలకం. 'ధనత్రయోదశి'లో భార్యతో పాటే మనమూ భర్తను ప్రశ్నిస్తాం. ఆమెకు తెలియనిది మనకూ తెలియదు, ఆమె తెలుసుకున్నది మనమూ తెలుసుకుంటాం. 'దిద్దుబాటు' "తలుపు! తలుపు!" అన్న పిలుపుతో మొదలవుతుంది. ఆ పిలిచేది భర్త. మూసిన తలుపు బయట అతనితో పాటు మనమూ నిలబడతాం. కాబట్టి మొదటి కథ చదివినవాళ్లు భార్య తీర్పులో భాగమవుతారు. రెండో కథ చదివినవాళ్లు భర్త సిగ్గులో భాగమవుతారు."

ఇందులో మొదటి వాక్యం ఉమ్మడి అంశం చెప్పింది, మధ్యలో రెండు రచనల నుంచి సాక్ష్యం వచ్చింది, చివర ఆ తేడా వల్ల ఏం జరిగిందో చెప్పింది. ప్రతి పేరా ఇదే అచ్చులో పోయక్కర్లేదు కానీ, ఈ మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి. "అదేవిధంగా", "దీనికి భిన్నంగా", "ఇక్కడిదాకా ఒకేలా నడిచినా" వంటి మాటలు పేరాకు కీళ్లలా ఉపయోగపడతాయి. అవసరమైన చోటే వాడండి.

ఉదాహరణగా ఇచ్చే వాక్యం పొట్టిగా ఉండాలి. పద్యమంతా దించేసి "పై పద్యం దీనికి నిదర్శనం" అని వదిలేయడం బాగా అలవాటైపోయింది. పద్యంలో ఏ మాట నిదర్శనమో చూపించండి. ఆ మాట ఒక్కటి చాలు.

పరీక్షలో అయితే

మూడు గంటల పేపర్లో ఇదంతా చేసే టైమ్ ఉండదు. టెన్షన్ పడకుండా ముందు ఐదు నిమిషాలు రఫ్ పేజీలో ఎదురెదురుగా నాలుగు అంశాలు రాసుకోండి, వాటి కింద మీ ఒక్క వాక్యం రాయండి. జవాబు ఆ వాక్యంతోనే మొదలుపెట్టండి. రచయితల పుట్టిన సంవత్సరాలు, బిరుదులు ఒక వాక్యంలో తేల్చేయండి. ఎర్రనకు ప్రబంధపరమేశ్వరుడనే బిరుదు ఉందని రాయడం తప్పు కాదు. కానీ ఆ బిరుదు శరదృతు పద్యంలో ఎక్కడ కనిపిస్తుందో రాస్తే దిద్దేవాళ్ల పెన్ను అక్కడ ఆగుతుంది.

మన సీమ నుంచి ప్రాజెక్ట్‌కు పనికొచ్చే జతలు

తిక్కన నిర్వచనోత్తర రామాయణం, కంకంటి పాపరాజు ఉత్తర రామాయణం. కవులిద్దరూ నెల్లూరు సీమవాళ్లే, మధ్యలో దాదాపు ఐదు శతాబ్దాలు. తిక్కన పేరులోనే చెప్పినట్టు వచనం లేకుండా పది ఆశ్వాసాలు రాశాడు. పాపరాజు పద్యమూ గద్యమూ కలిపాడు. రెండు కావ్యాలూ మొత్తం తీసుకోవద్దు. సీతను అడవిలో విడిచిన ఘట్టం ఒక్కటి తీసుకుని, పాపరాజు వచనానికి అప్పగించిన పనిని తిక్కన ఏ పద్యంతో చేశాడో చూడండి. రెండో ప్రశ్న కావాలంటే, తిక్కన తన పది ఆశ్వాసాల్లో రామనిర్యాణం దాకా వెళ్లకుండా ఆగాడు. కథ ఆగిన చోటు మారితే సీత ఘట్టం బరువు ఎలా మారుతుందో ఆలోచించండి.

ఒకే కవి రెండు రచనలు కూడా మంచి జతే. నిర్వచనోత్తర రామాయణాన్ని తిక్కన మనుమసిద్ధికి అంకితమిచ్చాడు. తనను మామా అని పిలిచే రాజు, ఆ వరసను బట్టి భారతీకన్యకను, అంటే కావ్యాన్ని, తనకిమ్మని అడిగాడని అవతారికలోనే (కావ్యానికి ముందుమాటలాంటి తొలి భాగం) చెప్పాడు. ఆ తర్వాత రాసిన భారతాన్ని హరిహరనాథుడికిచ్చాడు, అందులో వచనం మళ్లీ వచ్చింది. రెండు అవతారికలు మాత్రమే పక్కపక్కన పెట్టి చదవండి. ఒక కవి తన పని గురించి తాను అనుకునేది ఈ రెంటి మధ్య ఎంత మారిందో అన్నది మీ ప్రశ్న.

పద్యం అంటే భయపడేవాళ్లకు, నెల్లూరు కవి పఠాభి 1939లో తెచ్చిన 'ఫిడేలు రాగాల డజన్', శ్రీశ్రీ 'మహాప్రస్థానం' ఉన్నాయి. పఠాభి పుస్తకానికి ముందుమాట రాసింది శ్రీశ్రీయే. ఇద్దరూ పాత ఛందస్సు మీద తిరగబడ్డవాళ్లే. నగరం కనిపించే కవితలు ఒక్కొక్కరి నుంచి ఒకటి తీసుకుని, ముందు పైకి చదివి, తిరుగుబాటు తర్వాత కూడా ఎవరి కవితలో పాత లయ ఎంత మిగిలిందో చేత్తో తాళం వేసి చూడండి. మీ నోట్‌బుక్‌లో ఎడమ పేజీ, కుడి పేజీ అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.